పనస పంపకాలు

పెళ్ళి భోజనాల్లో పనసపొట్టు కూర తిని "అబ్బ, ఎంత బాగుందో" అనేవాళ్లను చూస్తే నాకు కాస్త జాలి కలుగుతుంది. వాళ్ల తప్పేమీ లేదు. అయిదారు వందల మందికి వండే వంటవాళ్లు చీకటితో పొయ్యి వెలిగించి పదకొండింటికల్లా వడ్డనకు సిద్ధం చెయ్యాలి. ఆ హడావుడిలో ఆవ ఊరడానికి వ్యవధి ఎక్కడిది? పొగలు కక్కే కూరలోనే ఆవపిండి గుమ్మరించి, పైన గుప్పెళ్లకొద్దీ జీడిపప్పు చల్లి పంక్తిలోకి పంపించేస్తారు. ఘాటు ఆవిరితో పోతుంది, చేదు విస్తట్లో మిగులుతుంది. జీడిపప్పు మరీ ఎక్కువగా కనిపించే కూరను నేను మొదటినుంచీ అనుమానంగానే చూస్తాను. ఏదో కప్పిపుచ్చుతున్నారని నా నమ్మకం.

పనసపొట్టు ఇంటి కూర. సరిగ్గా చెప్పాలంటే పెరటి కూర. పెరట్లో చెట్టు, కాయ దించడానికి ఒకరు, పొట్టు కొట్టడానికి ఒకరు, ఆవ నూరడానికి ఒకరు, తినడానికి పదిమంది. ఇందులో ఏ ఒక్కరు తగ్గినా ఆ కూర కుదరదు.

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, అంబాజీపేటకు దగ్గర. చుట్టూ కొబ్బరితోటలే. ఎవరి పెరట్లోకి తొంగి చూసినా కొబ్బరిచెట్ల నీడన నాలుగు అరటి పిలకలు, ఓ మూల కంద, గోడవారగా బచ్చలి తీగ, ఒక పనసచెట్టు కనిపించేవి. మా పనస వంటింటి వెనక నూతి పక్కనే ఉండేది. నూతి దగ్గర స్నానాలు చేసిన నీళ్లన్నీ దాని మొదట్లోకే పోతాయి కాబట్టి అంత ఏపుగా పెరిగిందని అమ్మమ్మ అనేది. నిజానికి పనసకు మొదట్లో నీళ్లు నిలిస్తే పడదు. మాది ఇసుక నేల కాబట్టి పోసిన నీళ్లు పోసినట్లే ఇంకిపోయేవి, చెట్టు బతికిపోయింది. ఈ మాట అమ్మమ్మతో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మామిడి, జామ కొమ్మల చివర కాస్తాయి. పనస అలా కాదు, మానుమీదే కాస్తుంది. అంత బరువు రెమ్మలు మొయ్యలేవు మరి. బాగా పెరిగిన కాయ యాభై కిలోల దాకా తూగుతుంది. చెట్టున కాసే పండ్లలో ఇంతకన్నా పెద్దది లేదు. మా చెట్టు కాయలు అంత లేకపోయినా పెద్దవాటిని మొయ్యడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చేది. చెట్టు ముదిరేకొద్దీ కాపు కిందకు దిగుతుందని పెద్దలు చెప్పేవారు. మా చిన్నతనానికి మా చెట్టుకు మోకాలెత్తులోనే కాయలుండేవి. వాటికి ఆనుకుని కూర్చుని మామిడి ముక్కల్లో ఉప్పూకారం అద్దుకుని తినడం మా వేసవి మధ్యాహ్నాల ముఖ్య కార్యక్రమం. వీపుకు ముళ్లు గుచ్చుకునేవి, అయినా అక్కడే.

చలికాలంలో చెట్టు కింద వేలెడంత పిందెలు నల్లగా బూజు పట్టి రాలి ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు కాపంతా పోతోందని నేను ఏడ్చినంత పనిచేశానట. తాతయ్య నన్ను పిలిచి మానుమీద ఉన్నవాటిని చూపించారు. "అవి మగవి. పుప్పొడి రాల్చేశాక వాటికి చెట్టుమీద పనిలేదు, రాలిపోతాయి. ఇదిగో, లావుపాటి కాడ ఉన్నది చూశావా, అది నిలుస్తుంది" అన్నారు. తాతయ్య బడిలో చదివింది తక్కువ. ఏళ్ల తరవాత ఇంటర్మీడియెట్ వృక్షశాస్త్రం పుస్తకంలో అదే సంగతి చదువుతుంటే, ఇది మా నూతి దగ్గరే విన్నానే అనిపించింది.

మాఘమాసం వచ్చేసరికి పొట్టుకాయ అందుకునేది. ఒకే చోట మూడు నాలుగు పిందెలు గుత్తిగా పుడితే అన్నింటినీ ఉంచకూడదు. ఉంచితే ఏదీ సరిగ్గా ఊరదు. అందుకని ఒకదాన్ని పండుకు వదిలేసి తక్కినవి లేతగా ఉండగానే కోసేవారు. అంటే పొట్టు కూర కోసం కాయను బలి చేయడం కాదు, ఎలాగూ తీసెయ్యవలసిన కాయకు అదొక సద్వినియోగం. గింజ ఇంకా గట్టిపడకుండా, కోస్తే లోపలంతా ఒకే తెల్లగా ఉండాలి. గింజ పెంకు కట్టిందంటే పొట్టుకు పనికిరాదు, ముక్కల కూరకు మళ్ళించవలసిందే.

పొట్టు కొట్టడం మా ఇంట్లో తాతయ్య పని. ఆ ఇంట్లో మగవాళ్లు వంటకు సంబంధించి ముట్టుకునేది ఆ ఒక్కటే. వసారాలో పాత గోనెపట్టా పరిచి, దానిమీద అరిటాకు వేసి, కత్తికి, రెండు చేతులకు మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుని కూర్చునేవారు. నూనె రాసుకోకపోతే ఆ జిగురు పట్టిందంటే సబ్బుకు లొంగదు. కాడ కోసిన చోటునుంచి పాలు ధారగా కారితే వాటిని కొబ్బరిపీచుతో తుడిచేవారు. తరవాత ముళ్ల తోలును మందంగా చెక్కెయ్యాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు, పచ్చదనం ఏమాత్రం మిగిలినా కూర వగరెక్కుతుంది.

అప్పుడు మొదలయ్యేది అసలు పని. కాడ పట్టుకుని కాయను నిలబెట్టి, కత్తితో దాని ఒంటిమీద దగ్గరదగ్గరగా నిలువునా గాట్లు. టకటకా, ఆగకుండా. కాయను కొంచెం తిప్పి మళ్ళీ అదే. చుట్టూ ఒక వరస అయ్యాక కత్తిని ఏటవాలుగా పట్టుకుని పైపైన చెక్కితే పొట్టు సన్నగా రాలేది. రాలినచోట మళ్ళీ గాట్లు, మళ్ళీ చెక్కడం, లోపలి దూటు తగిలేదాకా. అది రవ్వలా పొడి కాకూడదు, నోట్లో ముక్కలా తగలనూ కూడదు. వేళ్ల మధ్య తీసుకుంటే పొరలు పొరలుగా విడిపోవాలి. తాతయ్య కొడుతున్నంతసేపూ కబుర్లు చెప్పేవారు, చూపు మాత్రం కత్తిమీదే. మధ్యలో ఎవరైనా వీధిలోంచి పలకరిస్తే తల ఎత్తకుండానే "రండి, కూర్చోండి, చేయి ఖాళీ లేదు" అనేవారు. ఆ వచ్చినవాళ్లు కూర్చునేవారు కూడా. పొట్టు పట్టుకెళ్లకుండా ఎవరూ లేచేవారు కాదు.

రాలిన పొట్టు గాలి తగిలితే నల్లబడిపోతుంది. అందుకని పిల్లల్లో ఒకరం పసుపు కలిపిన నీళ్ల గిన్నె పట్టుకుని పక్కనే కాచుకుని ఉండి, పిడికెడు పిడికెడుగా తీసి అందులో వేస్తూ ఉండాలి. అమ్మమ్మ ఆ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాక ఇక మాకు లోపలికి ప్రవేశం లేదు, గడపలో నిలబడి చూడడమే.

పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టి, చిక్కాల బట్టలో వేసి నీరంతా పిండేది. తరవాత మూకుట్లో నూనె పోసి శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, అల్లం, ఇంగువ, దండిగా కరివేపాకు. పోపు వేగాక చింతపండు పులుసు చిక్కగా పోసి, అది దగ్గరపడ్డాక పొట్టు వేసి కలిపి, పొడిపొడిగా అయ్యేదాకా మగ్గనిచ్చేది. జీడిపప్పు పడేది, కానీ లెక్కగా, ఎవరి నోటికి తగిలితే వాళ్ల అదృష్టం అన్నంత.

తరవాత మూకుడు దించి పక్కన పెట్టేసేది. చేతితో తాకి చూస్తే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. ఈలోగా రోట్లో ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు వేసి నీళ్లు చిలకరిస్తూ మెత్తగా నూరేది. ఆవ గింజకు ఉత్తినే ఘాటు ఉండదు. నలిగి నీళ్లు తగిలినప్పుడే గింజలోని రెండు పదార్థాలు కలిసి ఆ ముక్కుపుటాలదిరే ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఘాటు పుట్టించే పదార్థమే చచ్చిపోతుంది. అమ్మమ్మకు ఈ రసాయనశాస్త్రం ఎవరూ చెప్పలేదు. "వేడిలో వేస్తే ఆవ చస్తుంది" అనేది, అంతే. నూరిన ముద్దను పచ్చినూనెలో కలిపి చల్లారిన కూరకు పట్టించి, మూతపెట్టి, ఉట్టిమీదకు ఎక్కించేది. పొద్దున చేసిన కూర మధ్యాహ్నం వడ్డనకు రావాలి. రాత్రికి ఇంకా బాగుండేది. మర్నాడు మిగిలితే పెరుగన్నంలో నంజుకోవడానికి దాన్ని మించింది లేదు, కానీ మిగిలేది ఎప్పుడు?

మా ముత్తాతగారి తద్దినం ఫాల్గుణంలో వచ్చేది. ఆ రోజు పొట్టు కూర తప్పనిసరి. పనసకాయ దొరికినప్పుడే తద్దినం పెట్టమన్నట్లు అని సామెత ఉండనే ఉంది, మాకు మాత్రం కాయ, తిథి రెండూ కలిసివచ్చేవి. ఆ రోజు మడి వంట అయ్యేదాకా ఆకలితో నకనకలాడే మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి తాతయ్య ఒక కథ చెప్పేవారు. వసిష్ఠుడు తద్దినానికి భోక్తగా విశ్వామిత్రుణ్ని పిలిచాడట. విశ్వామిత్రుడు ఊరుకుంటాడా, వెయ్యిన్నెనిమిది కూరలు చెయ్యాలన్నాడు. వసిష్ఠుడు ఆ మాట అరుంధతి చెవిన వేశాడు. ఆ రోజు వచ్చి చూస్తే విస్తట్లో కాకరకాయ కూర, నల్లేరు పచ్చడి, పనస కూర, ఇంకో ఎనిమిది కూరలు. ఇదేమిటని విశ్వామిత్రుడు మండిపడితే అరుంధతి తొణకకుండా శాస్త్రం చెప్పింది. శ్రాద్ధంలో కాకర వంద కూరల పెట్టు, నల్లేరు మూడు వందల పెట్టు, పనస ఆరు వందల పెట్టు, పైన ఎనిమిది, లెక్క సరిపోయిందా అని. ముని నోరు మూసుకుని భోంచేశాడు. తాతయ్య కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ లెక్క మాచేతనే వేయించేవారు. కూడికలు నేను అలా నేర్చుకున్నాను. కథలో మునీశ్వరుడి కోపం కన్నా అరుంధతి తెలివి మా అమ్మమ్మకు ఇష్టం. "మగవాళ్లు వెయ్యి అడుగుతారు, మనం పదకొండు వండి లెక్క అప్పజెప్పాలి" అని వంటింట్లోంచే అందుకునేది.

చైత్రం దాటాక కాయ ముదిరి ముక్కల కూరకు వచ్చేది. దాన్ని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మసాలా దట్టించి వండితే కొందరు లొట్టలు వేస్తారు. ఇప్పుడు మా వైపు విందుల్లో పనసకాయ బిర్యానీ కూడా పెడుతున్నారు, మాంసం తినేవాళ్లు కూడా ఒక పట్టు పడుతున్నారు. నాకు అదంతా పనసకు వేరే వేషం వేసి రంగస్థలం మీదకు ఎక్కించినట్లు ఉంటుంది. పనసకాయ ముక్కలతో ఊరగాయ కూడా పెడతారు, మా ఇంట్లో మామిడికాయ ఉండగా దానికి వంతు వచ్చేది కాదు.

జ్యేష్ఠం వచ్చాక పళ్లు. పండిందో లేదో తెలుసుకోవడానికి తాతయ్య కాయమీద వేళ్లతో తట్టి చూసేవారు. పచ్చికాయ గట్టిగా పలుకుతుంది, పండుకు దగ్గరపడితే మోత బోలుగా మారుతుంది. ముళ్ల మధ్య ఎడం పెరిగి, మొనలు మొద్దుబారతాయి. ఆ తరవాత ఇక తట్టి చూడవలసిన పనిలేదు, వీధి మలుపులోనే వాసన చెప్పేస్తుంది. కొబ్బరి దింపు తీసే ఆయన వచ్చి, తాడు కట్టి, కాయను నేలకు తగలకుండా మెల్లగా దించేవాడు. పైనుంచి పడితే పండు చితికిపోతుంది, కింద ఉన్నవాడి బుర్ర సంగతి చెప్పనక్కరలేదు.

కోసే రోజున మళ్ళీ గోనెపట్టా, మళ్ళీ నూనె. నిలువునా నాలుగు చెక్కలు చేసి, మధ్యలో ఉన్న తెల్లటి దూటును చెక్కేస్తే తొనలు వాటంతట అవే వదులవుతాయి. పనసకాయ ఒక్క పువ్వులోంచి వచ్చిన కాయ కాదు. వందలాది చిన్నచిన్న పువ్వులు కలిసి ముద్దకట్టిన కాయ. గింజ కట్టిన ప్రతి పువ్వూ ఒక తొన. గింజ కట్టనివన్నీ తొనల మధ్య నారలుగా మిగిలిపోతాయి. ఆ నారలు తీసి పశువులకు వేస్తే అవి కళ్లు మూసుకుని నమిలేవి. మా చెట్టు తొన గట్టిది, కొరికితే కరకరలాడేది, లోపల తేనె రంగు. పక్కవీధిలో ఒకళ్ల చెట్టుది మెత్తని తొన, నోట్లో వేసుకుంటే జారిపోయేది. ఏది గొప్పదన్న విషయంలో రెండు వీధుల పిల్లల మధ్య జరిగిన వాదాలు రాస్తే అదో పురాణం.

అంత పండు ఒక్క ఇంట్లో తినేవాళ్లు ఎవరు? ఎంత పెద్ద కుటుంబమైనా రెండు రోజుల్లో మొహం మొత్తుతుంది, మూడో రోజుకు పులిసిపోతుంది. కోసిన గంటలోనే పంపకాలు జరిగిపోవాలి. దించినాయనకు ఒక చెక్క. గుడి పూజారిగారికి, ఎదురింటికి, పాలుపోసే ఆవిడకు, బడిపంతులుగారికి పళ్లాల్లో. అందరికన్నా చివర, గోడ అవతలి ఇంటికి.

ఆ గోడ అవతలి ఇంటితో మాకు గట్టు తగాదా. నాలుగు కొబ్బరిచెట్లు ఎవరివన్నదానిమీద అమలాపురం కోర్టులో దావా నడుస్తోంది. తాతయ్య, ఆ ఇంటి పెద్దాయన ఒకరినొకరు చూసుకుంటే తల తిప్పుకునేవారు. వాయిదాకు మాత్రం ఒకే బస్సులో వెళ్లేవారు, వేరే బస్సు లేదు కాబట్టి, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. కానీ పనస దిగిందంటే ఆ ఇంటికి పళ్లెం వెళ్లవలసిందే. నేనే పట్టుకెళ్లేదాన్ని. "ఎవరు పంపారే?" అని ఆ పెద్దాయన కుర్చీలోంచే అడిగేవారు. "అమ్మమ్మ పంపిందండీ" అనాలి. తాతయ్య పంపారని చెప్పకూడదని ముందే చెప్పి పంపేవారు, ఆ చెప్పేది తాతయ్యే. మంచి తొనలు ఏరి పళ్లెంలో పేర్చేది కూడా ఆయనే. పెద్దాయన ఒక తొన తీసుకుని, గింజ తీసి పక్కన పెట్టి, నములుతూ "ఊఁ, పోయినేడు ఇంకా తియ్యగా ఉంది" అనేవారు. ఏ ఏడు వెళ్లినా అదే మాట.

ఖాళీ పళ్లెం తిరిగి పంపడం ఆ ఊళ్లో లేదు. వాళ్ల మామ్మగారు దాంట్లో బుర్రంత కంద ముక్క పెట్టి ఇచ్చేవారు. మర్నాడు మా ఇంట్లో కంద బచ్చలి కూర, ఆవ పెట్టి. తాతయ్య ఆ కంద ఎక్కడిదని అడిగేవారు కాదు. మారు వడ్డించమని మాత్రం అడిగేవారు. ఆ దావా ఏ పక్కకూ తేలలేదు, వాళ్లిద్దరూ పోయాక రెండు పక్కల పిల్లలూ రాజీ పడ్డారు.

మేము హైదరాబాదు తిరిగి వచ్చేటప్పుడు ఒక పండు మాతో ప్రయాణం కట్టేది. మా నాన్నకు ఇది ఏమాత్రం ఇష్టం ఉండేది కాదు. రావులపాలెంలో రాత్రి బస్సు ఎక్కేటప్పుడు గోనెసంచిలో ఉన్నదేమిటని కండక్టరు అడిగితే అమ్మ "కూరగాయలండీ" అనేది. అబద్ధం కాదు కదా. బస్సు విజయవాడ దాటేసరికి ఆ కూరగాయ తన సంగతి అందరికీ చెప్పేసేది. ముందు సీట్లవాళ్లు కిటికీలు తెరిచేవారు, వెనక సీట్లవాళ్లు "ఎవరో పనసపండు తెస్తున్నారు" అని ఆశగా మెడలు చాచేవారు. మనుషుల్లో ఈ రెండు జాతులే ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. నాన్న నిద్ర నటించేవారు.

పనస కాయని రోజుల్లో కూడా ఆకు పనికొచ్చేది. అంబాజీపేట పొట్టిక్కల పేరు వినే ఉంటారు. నాలుగు పనసాకులు పువ్వులా పరిచి, కొబ్బరి ఈనె ముక్కలతో గుచ్చి దొన్నెలా కుడతారు. దాంట్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరిమీద ఉడికించాలి. ఆకులు ఏరి తేవడం మా పిల్లల వంతు. మరీ లేతాకు మడిస్తే వాడిపోతుంది, మరీ ముదురాకు విరిగిపోతుంది. ముదురు పచ్చగా ఉండి, వేలికి చుట్టినా చిట్లని ఆకు కావాలి. ఉడికాక ఆకు గోధుమరంగుకు తిరిగి, విప్పితే పొట్టిక్క ఒంటిమీద ఈనెల గీతలు అచ్చుపడి ఉంటాయి. ఆ ఆకు వాసన పిండికి పడుతుంది, అదే దాని ప్రత్యేకత. ఇడ్లీ రేకుల్లో పోసిన పిండి, పనసాకులో పోసిన పిండి ఒకటే అయినా రుచి ఒకటి కాదు. పక్కన కొబ్బరి పచ్చడి ఉండాలి, అల్లం పచ్చడి ఉంటే మరీ మంచిది.

గింజల సంగతి చెప్పకపోతే అమ్మమ్మ ఊరుకోదు. తొన తిని గింజ పారేసినవాడిని ఆవిడ అన్నం పారేసినవాడిని చూసినట్లే చూసేది. గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో కలిపి కుండలో దాచేది. ఆషాఢ శ్రావణాల్లో ముసురు పట్టి కూరగాయలు దొరకని రోజుల్లో ఆ కుండ దిగేది. పై పెంకు వలిచి, లోపలి ఎర్రటి పొర గోకి, ఉడకబెట్టి, వంకాయ, మునగకాడలతో కలిపి పులుసు పెడితే వేరే ఏమీ అక్కరలేదు. సాయంత్రాలు పొయ్యిలో నిప్పులు ఆరుతుండగా నివురులో కప్పి కాల్చేవాళ్లం. ఒక మూల గాటు పెట్టకుండా వేస్తే టప్పున పేలి నిప్పు కళ్లలో పడేది. వాతం చేస్తుందని రాత్రిపూట పెద్దవాళ్లకు పెట్టేది కాదు. తాతయ్య మా దగ్గర ఒకటి రెండు లంచంగా తీసుకునేవారు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమవాళ్లు ఎవరూ మరిచిపోలేరు. తెల్లారేసరికి కొబ్బరితోటలు మొండేలయ్యాయి. ఏటికేడు లెక్కపెట్టుకునే చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలితే, మళ్ళీ మొక్క పెట్టి కాపు చూడడానికి ఎన్నేళ్లు కావాలో రైతుకు తెలుసు. మా పనస నిలువునా చీలింది, ఒక సగం నూతిమీద పడింది. రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోయి మేము అక్కడికి వెళ్లేసరికి కొన్ని రోజులు పట్టింది. తాతయ్య పడిన సగాన్ని కోయిస్తున్నారు. రంపం కింద నుంచి పసుపుపచ్చని పొట్టు రాలుతోంది. పనస చెక్క కోసినప్పుడు పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. చెద అంత తేలిగ్గా పట్టదు. వీణలు చేసేది దీనితోనే. బొబ్బిలిలో ఒకే మానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. మనదాంతో కూడా వీణ చేయిద్దామా అని తాతయ్య అడిగితే వడ్రంగి నవ్వి, "చీలిన మాను వీణకు పనికిరాదండీ, పీటలు చేస్తాను" అన్నాడు. ఆ పీటల్లో ఒకటి మా ఇంట్లో ఉంది, పండక్కి మా అబ్బాయిని దానిమీద కూర్చోబెట్టి తలంటుతాను. మిగిలిన సగం చెట్టు మరో పన్నెండేళ్లు కాసింది.

మా పిన్నిని శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు ఇచ్చారు. అది ఉద్దానం, పనసకు అసలు పుట్టిల్లు అదేనని బాబాయి వాదన. అక్కడ కొబ్బరి, జీడిమామిడి, పనస కలగలిపి తోటలుగా వేస్తారు. మా ఊళ్లో పనస పెరటి చెట్టు, వాళ్లకు అది రాబడినిచ్చే పంట. కాయలు లారీలకెత్తి ఒడిశాకు, ఇంకా పైకి పంపుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలకూ మా కోనసీమ గతే పట్టింది. ఆ రాత్రి గడిచాక పిన్ని ఫోను చేసి, "మీ తాతయ్య గుర్తొచ్చారే" అని ఊరుకుంది. అదే ఏడాది మార్చిలో కేరళ ప్రభుత్వం పనసను రాష్ట్ర ఫలంగా ప్రకటించింది. వాళ్లు దాంతో చిప్సు, హల్వా, పాయసం ఏవేవో చేస్తారు, పచ్చి తొనను అన్నానికి బదులుగా కూడా వండుకుంటారు. అన్నీ బాగుంటాయి. ఆవ పెట్టడం మాత్రం వాళ్లకు రాదు.

హైదరాబాదులో ఇప్పుడు రైతుబజారులో పొట్టు ప్యాకెట్లలో దొరుకుతుంది. యంత్రంతో కొట్టిన పొట్టు. సగం పిండిలా, సగం ముక్కల్లా ఉంటుంది, పసుపు నీళ్లు ఎరగదు కాబట్టి అంచులు నల్లబడి ఉంటాయి. అయినా కొంటాను. సీజనులో ఒకాయన బండిమీద కాయలు పెట్టుకుని మన కళ్లముందే కత్తితో కొట్టి ఇస్తాడు, ఆయన కనిపించిన రోజున మా ఇంట్లో పొట్టు కూర ఖాయం. మా ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆయన దగ్గర ఎంత చిన్న కాయ తీసుకున్నా ముగ్గురికి ఎక్కువే. మా అపార్టుమెంటులో ఎదురు ఫ్లాటువాళ్లు పంజాబువాళ్లు, మొదటిసారి డబ్బాలో పెట్టి ఇస్తే ఆ ఆవ ఘాటుకు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. సరసోఁ నూనెలో, అంటే ఆవనూనెలో, వండుకునే ఇల్లు కదా, మర్నాడే తేరుకుంది. ఇప్పుడు మార్చి రాగానే తనే గుర్తుచేస్తుంది.

ఒక్క విషయం మాత్రం మా బంధువర్గంలో ఇప్పటికీ తెగలేదు. పొట్టు కూరలో చింతపండు పులుసుతోపాటు చిన్న బెల్లం ముక్క వెయ్యాలా, అక్కరలేదా? అమ్మమ్మ వేసేదని మా పెద్దమామయ్య ఒట్టు పెట్టి చెబుతాడు. వేసేది కాదని, పెద్దమామయ్య తిన్నది వాళ్ల అత్తవారింటి కూర అని మా అమ్మ అంటుంది. పిన్ని, ఎటూ కాకుండా, తద్దినం కూరలో వేసేది కాదు, మామూలు రోజుల్లో వేసేది అని మధ్యేమార్గం చెబుతుంది. మొన్న శివరాత్రికి అందరం కలిసినప్పుడు కూడా ఇదే చర్చ. చివరికి రెండు మూకుళ్లలో రెండు రకాలుగా వండారు. బెల్లం వేసిన మూకుడే ముందు ఖాళీ అయింది. "అది చిన్న మూకుడు" అంది అమ్మ.